చేరేముందు చదువును విచారించండి

(పెనుగొలనులో జరిగిన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"చదువులు, ఉద్యోగావకాశాలు" అనే విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను ఉర్దూ మీడియం పంతుల్ని. నా తెలుగులో తప్పులుంటే పెద్దలు సర్దుకోవాలి. ఈ విషయం అనగానే ఏ కోర్సుకు ఎంత జీతమో నేనొక జాబితా చదువుతానని మీరనుకొని వుంటారు. జాబితా చదవడం తేలికే. కాని ఆ జాబితా వచ్చే యేటికి పాతబడుతుంది. పైగా ఎవరో చదివిన జాబితా విని చేరడమే మన పిల్లలకు జరుగుతున్న నష్టమని నా అభిప్రాయం. కనుక ఏ చదువులో చేరాలో నేను చెప్పను. ఒక చదువులో చేరేముందు దాన్ని ఎట్లా విచారించాలో మాత్రం నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

తోట కొనేవాడి తెలివి

మన తిరువూరు, నూజివీడు ప్రాంతంలో మామిడి తోటల కాపు కొనే వ్యాపారం అందరికీ తెలిసిందే. కాపు కొనేవాడు తోటలో అడుగుపెడితే ఏం చేస్తాడు? చెట్లెన్ని, అందులో బంగినపల్లి ఎన్ని, కలెక్టరు ఎన్ని, రసాలు ఎన్ని అని లెక్క వేస్తాడు. పూత నిలిచిందా రాలిందా చూస్తాడు. తేనెమంచు పురుగు పట్టిందేమో కొమ్మ వంచి చూస్తాడు. బోరులో నీళ్లెంత, కాపలా ఎవరు, నున్న మార్కెట్టుకు కిరాయి ఎంత, నిరుడు ఈ తోట ఎవరు కొన్నారు, వాడికి మిగిలిందా పోయిందా, ఇవన్నీ నలుగురినీ అడుగుతాడు. ఒక్క వేసవి పంట కోసం ఇంత విచారణ.

అదే మనిషి కొడుకును ఇంటర్మీడియట్‌లో చేర్చేటప్పుడు నా దగ్గరకు వచ్చి ఏమంటాడో వినండి.

"మాస్టారుగారూ, మావాణ్ణి ఏ గ్రూపులో వెయ్యమంటారు?"

"వాడికి దేనిమీద ఇష్టం వుందో అడిగారా భాయ్?"

"వాణ్ణేం అడుగుతామండీ, చిన్నవాడు. పక్కింటి కుర్రాడు ఎం.పి.సి. అంట. వీణ్ణీ అందులోనే వేసేద్దాం."

అంతే. అయిదు నిమిషాల్లో బేరం అయిపోయింది. తోట కొనుగోలు తప్పితే ఒక వేసవి నష్టం. గ్రూపు తప్పితే పిల్లవాడి రెండేళ్లు పోతాయి, దాని వెంట డిగ్రీ మూడేళ్లు పోతాయి, ఆపైన ముప్ఫయి ఏళ్లు ఇష్టంలేని పని చేయవలసి వస్తుంది. ఆ తండ్రికి విచారించడం రాదని నేననను. తోట దగ్గర ఆయన మనందరికీ పాఠం చెప్పగలడు. ఆ తెలివిని చదువు దగ్గర కూడా వాడమనే నేను ప్రార్థిస్తున్నాను.

విద్య వేరు, కోర్సు వేరు, ఉద్యోగం వేరు

మొట్టమొదట ఈ మూడింటినీ విడదీసి చూడడం నేర్చుకోవాలి. జీవశాస్త్రం ఒక విద్య. బై.పి.సి. ఒక కోర్సు. డాక్టరు ఒక ఉద్యోగం. మనం మూడూ కలిపి ఒకే ముద్ద చేశాము. బై.పి.సి. అనగానే డాక్టరు తప్ప మరొకటి గుర్తుకు రాదు. నీట్ పరీక్షలో సీటు రాకపోతే "బై.పి.సి. దండగ" అని నిట్టూరుస్తాము. కాని అదే గ్రూపు నుంచి వ్యవసాయ డిగ్రీకి, ఉద్యానవన డిగ్రీకి, పశువైద్యానికి, మత్స్యశాస్త్రానికి, ఫార్మసీకి, నర్సింగుకు, ఫిజియోథెరపీకి, ల్యాబు టెక్నీషియను కోర్సులకు దారులున్నాయి.

మన చుట్టూ మామిడి తోటలే. మామిడి మీద పరిశోధన చేసే కేంద్రం నూజివీడులోనే వుంది. 2007లో పశ్చిమ గోదావరి జిల్లా వెంకట్రామన్నగూడెంలో ఉద్యానవన విశ్వవిద్యాలయం వెలిసింది. మామిడి చెట్టు నీడలో పెరిగిన మన పిల్లవాడికి మామిడి కూడా ఒక విద్యేనని, దానికి డిగ్రీ వుందని, పరిశోధన వుందని ఎవరూ చెప్పరు. చెట్టు తెలుసు, చదువు తెలియదు. ఇదీ మన పరిస్థితి.

నూజివీడు, నందిగామ బడుల నుంచి

ఇక్కడ ఒక మహనీయుని సంగతి మనవి చేస్తాను. ఆయన పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. లోకమంతా సి.ఆర్. రావు అంటుంది. 1920లో పుట్టారు. తండ్రి పోలీసు శాఖలో వుద్యోగి కావడం వల్ల బదిలీలతో ఊళ్లు తిరుగుతూ చదివారు. ఆయన చదివిన ఊళ్లలో మనకు దగ్గరి నూజివీడు వుంది, నందిగామ వుంది. తరువాత విశాఖపట్నం వెళ్లి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పట్టా ప్రథమ శ్రేణిలో తీసుకున్నారు. ఉర్దూలో మనం రియాజీ అంటామే, అదే గణితం.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం. పరిశోధనకు స్కాలర్‌షిప్పు కోసం పెట్టుకున్న దరఖాస్తు గడువు దాటి చేరిందన్న కారణంతో తిరిగి వచ్చింది. సైన్యానికి సర్వే పనిలో గణితం తెలిసినవారు కావాలంటే ఆ ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అదీ రాలేదు. కాని అక్కడ బస చేసిన చోట ఒక దక్షిణాది యువకుడు పరిచయమయ్యాడు. ఆయన స్టాటిస్టిక్సులో శిక్షణ పొందడానికి వచ్చినవాడు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అప్పుడు కలకత్తాలో చిన్న సంస్థ. రావుగారు వెళ్లి చూశారు. విచారించారు. 1941 జనవరి 1న అందులో చేరారు.

తరువాత జరిగింది చరిత్ర. కలకత్తా విశ్వవిద్యాలయం అప్పుడే ప్రారంభించిన స్టాటిస్టిక్సు ఎం.ఎ. తరగతి మొదటి జట్టులో చదివి 1943లో పట్టా పొందారు. 1945లో, ఇంకా పాతికేళ్ల వయసులో, ప్రచురించిన ఒక వ్యాసంలోని ఫలితాలను నేటికీ ప్రపంచంలోని ప్రతి విశ్వవిద్యాలయంలో ఆయన పేరుతోనే బోధిస్తున్నారు. 1946లో కేంబ్రిడ్జికి వెళ్లి ఏం చేశారనుకున్నారు? సూడాన్ దేశంలో తవ్వకాల్లో దొరికిన పురాతన ఎముకల కొలతలను లెక్కలతో పరిశీలించారు! గణితం చదివినవాడికి ఎముకలతో పని వుంటుందని విశాఖపట్నంలో ఎవరైనా అనుకున్నారా? 1948లో ఆర్.ఎ. ఫిషర్ వద్ద పిహెచ్.డి. పూర్తి చేశారు. 2001లో పద్మవిభూషణ్, 2023లో స్టాటిస్టిక్సులో అంతర్జాతీయ బహుమతి వచ్చాయి. 2023 ఆగస్టులో 102 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు.

ఈ కథలో నేను మీకు చూపదలచింది గొప్పతనం మాత్రమే కాదు. గణితంలో అంత దిట్ట అయిన విద్యార్థికి తన జీవితకాలపు విద్య ఎదురైంది పరాయి ఊళ్లో, ఒక అపరిచితుని మాటల్లో. ఆ పరిచయం జరగకపోతే? ఆయన ప్రతిభ కలవారు, ఏదో ఒక దారి దొరికి వుండేది. మన సగటు పిల్లలు కలకత్తా బసలో తటస్థపడే మిత్రుని కోసం కాచుకొని కూర్చోలేరు. ఆయనకు తటస్థంగా దొరికిన సమాచారం మన పిల్లలకు ప్రయత్నంతో దొరకాలి. నా మాటల సారమంతా ఇదే.

దేగిసా, మెతుకు

ఇంతకీ స్టాటిస్టిక్సు అంటే ఏమిటి? తెలుగులో గణాంకశాస్త్రం, సాంఖ్యకశాస్త్రం అంటారు. ఉర్దూలో శుమారియాత్. పెళ్లిలో వంట చేసే బాబర్చీ అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి దేగిసా అంతా తిని చూడడు. ఒక్క మెతుకు పట్టి చూస్తాడు. కాని ఆ మెతుకు పైన తీశాడా, అడుగున తీశాడా? పైన పలుకుగా వుండి అడుగు మాడవచ్చు. ఎన్ని మెతుకులు, ఎక్కడెక్కడ తీస్తే దేగిసా సంగతి నిజంగా తెలుస్తుందో, ఆ తెలిసినదానిలో పొరపాటు ఎంత వుండవచ్చో లెక్కకట్టి చెప్పే విద్యే ఇది.

మన పొలాల్లో జరిగే పంటకోత ప్రయోగం మీలో రైతులు చూసే వుంటారు. వరిచేలో ఎవరి ఇష్టాయిష్టాలతో ప్రమేయం లేకుండా లెక్క ప్రకారం ఒక చోటు ఎంపిక చేస్తారు. అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు కొలిచి తాడు కట్టి, అంతమేరకే కోసి, నూర్చి, తూకం వేస్తారు. అట్లాంటి అనేక తూకాల మీద జిల్లా దిగుబడి లెక్క తేలుతుంది. గట్టు మీద నిలబడి చూసే మనకు అది ప్రభుత్వం వారి తతంగం. నిజానికి అది ఒక విద్య మన చేలోకి నడిచి రావడం.

మరి దీనివల్ల పని దొరుకుతుందా? ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కేంద్ర ప్రభుత్వంలో 1961 నుంచి ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు వుంది. దానికి యు.పి.ఎస్.సి. పరీక్ష. పోస్టులు కొద్ది, పోటీ గట్టిది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసరు ఉద్యోగానికి డిగ్రీతోపాటు ఇంటర్ గణితంలో 60 శాతం మార్కులు గాని, డిగ్రీలో గణాంకశాస్త్రం గాని వుండాలని నిబంధన. చూశారా, ఇంటర్లో గణితానికి వచ్చిన మార్కు డిగ్రీ అయ్యాక కూడా వెంట వస్తుంది! రాష్ట్రంలో అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసరు పోస్టులున్నాయి గాని నోటిఫికేషను ఏటా రాదు. ప్రైవేటులో బీమా కంపెనీలు, బ్యాంకులు, మందుల పరిశోధన సంస్థలు, కంప్యూటరు కంపెనీలు ఈ విద్య తెలిసినవారిని తీసుకుంటాయి. అయితే ఉత్త బి.ఎస్.సి. చాలదు. కంప్యూటరు మీద లెక్క చేయడం రావాలి, చాలాచోట్ల ఎం.ఎస్.సి. వుండాలి. దారి: ఇంటర్లో గణితం తప్పనిసరి. తరువాత బి.ఎస్.సి., లేదా ప్రవేశపరీక్ష వ్రాసి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. ఆ సంస్థకు హైదరాబాదులో కూడా కేంద్రం వుంది.

అందరూ గణాంకశాస్త్రంలో చేరండని నేనడం లేదు. ఒక విద్యను విచారిస్తే మంచీ చెడ్డా ఇట్లా రెండూ బయటపడాలని చూపించాను. మంచి ఒక్కటే చెప్పేవాడు సీట్లు అమ్ముకొనేవాడు. చెడు ఒక్కటే చెప్పేవాడు తాను మధ్యలో మానేసినవాడు.

ఆలస్యంగా తెలిస్తే ఖర్చు

డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాంగారి జీవితం మన పిల్లలకు కొంత తెలుసు. ఆయన తిరుచిరాపల్లిలో బి.ఎస్.సి. ఫిజిక్సు చదివారు. తనకు కావలసింది ఫిజిక్సు కాదని, ఇంజనీరింగని డిగ్రీ ముగిసేవేళకు గాని తెలియలేదని ఆయనే ఆత్మకథలో వ్రాసుకున్నారు. ఆ తరువాత మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటు వచ్చింది. చేరడానికి వేయి రూపాయల దాకా కావాలి. రామేశ్వరంలో పడవ నడుపుకొనే కుటుంబానికి అది చిన్న సొమ్ము కాదు. అక్క జోహ్రా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చి ఇచ్చింది. ఆ కళాశాలలో ప్రదర్శనకు పెట్టిన రెండు పాత విమానాల దగ్గర గంటలు గంటలు గడిపి, విమానాల ఇంజనీరింగే తన విద్య అని తేల్చుకున్నారు.

ఇందులో రెండు సంగతులున్నాయి. ఆలస్యంగా తెలిసినా దారి మార్చుకోవచ్చు. అది ధైర్యం. కాని ఆలస్యానికి మూల్యం వుంటుంది, ఆ మూల్యం చెల్లించేది తరచుగా ఇంట్లో ఆడవాళ్ల నగలు. రెండో సంగతి, ఆయన విమానాన్ని దగ్గర నిలబడి చూసి నిర్ణయించుకున్నారు. వస్తువును చూడాలి, పనిని చూడాలి. నర్సింగు చదవాలనుకొనే అమ్మాయి ఒక పూట ఆసుపత్రి వార్డులో కూర్చొని చూడాలి. వకీలు కావాలనుకొనేవాడు తిరువూరు కోర్టు వరండాలో ఒక రోజు నిలబడాలి. దీనికి బస్సు చార్జీ తప్ప ఖర్చు లేదు.

ఆ తరువాత కలాంగారు వైమానిక దళంలో చేరాలని డెహ్రాడూను వెళ్లారు. ఎనిమిది ఖాళీలకు తొమ్మిదో స్థానం వచ్చింది. అయినా చేతిలో మరో దారి వుంది. రక్షణ శాఖలోని సాంకేతిక విభాగంలో 1958లో చేరారు. పైలట్ కాలేకపోయినా విమానాల విద్య ఆయనను వదలలేదు. ఉద్యోగం తప్పవచ్చు గాని సరిగ్గా ఎంచుకున్న విద్య తప్పిపోదు.

ఉర్దూ మీడియం సంగతి

మావంటి బడుల పిల్లలను గురించి ఒక మాట. ఉర్దూలో చదివితే పైచదువులు రావు అనేవారున్నారు. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో గణితం, భౌతికశాస్త్రం, వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే నేర్పారు. దానికోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి, మౌల్వీ అబ్దుల్ హఖ్ గారి ఆధ్వర్యాన పుస్తకాలు తయారుచేశారు. ఆ విశ్వవిద్యాలయంలో చదివిన రజీయుద్దీన్ సిద్దీఖీగారు కేంబ్రిడ్జి వెళ్లి, జర్మనీలో హైజెన్‌బర్గు వద్ద పరిశోధన చేసి తిరిగి వచ్చి ఉస్మానియాలోనే బోధించారు. కనుక భాషలో లోపం లేదు.

కాని 1948 తరువాత అక్కడ బోధన ఇంగ్లీషుకు మారింది. పుస్తకాలు, పరీక్షలు, ఉద్యోగాలు అన్నీ మారాయి. భాష ఒకటే, దాని వెంట వున్న అవకాశం మారింది. ఇది కూడా విచారించవలసినదే. నేడు నీట్ పరీక్ష ఉర్దూలో వ్రాయవచ్చు, 2018 నుంచి ఆ వీలుంది. జె.ఇ.ఇ. మెయిన్ 2021 నుంచి ఉర్దూలోనూ వుంది. హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వుంది, దానికి కడపలో పాలిటెక్నిక్ వుంది. కర్నూలులో 2016లో ఏర్పడిన డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం వుంది. అయితే ప్రశ్నపత్రం ఉర్దూలో దొరికినా, సీటు వచ్చాక మెడికల్ కాలేజీలో పాఠం ఇంగ్లీషులోనే. అందుకని మా పిల్లలకు నేను చెప్పేదేమిటంటే, ఒక నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి. తబీయాత్, భౌతికశాస్త్రం, ఫిజిక్స్. కీమియా, రసాయనశాస్త్రం, కెమిస్ట్రీ. ప్రతి పాఠంలో వచ్చే ముఖ్యమైన మాటలు మూడు భాషల్లోనూ వ్రాసుకోండి. పదో తరగతి ముగిసేసరికి అదే మీ వంతెన.

ఉర్దూనే విద్యగా తీసుకోవాలనుకొనేవారూ వుంటారు. సంతోషం. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూను రెండో అధికార భాషగా చట్టం చేశారు. కాని చట్టం వేరు, పోస్టు వేరు. ఉర్దూ ఎం.ఎ. చేసేవారు దానితోపాటు ఉపాధ్యాయ శిక్షణ గాని, తెలుగు, ఇంగ్లీషుల మధ్య అనువాదం గాని, కంప్యూటరులో అక్షర కూర్పు గాని చేతిలో వుంచుకోవాలి.

అడగవలసిన అయిదు ప్రశ్నలు

ఏ విద్య అయినా సరే ఈ అయిదు ప్రశ్నలు కాగితం మీద వ్రాసి, కింద జవాబులు నింపండి.

మొదటిది, ఈ విద్య నేర్చినవాడు పొద్దుటినుంచి సాయంత్రం వరకు చేసే పని ఏమిటి? కోర్సు పేరులో ఇది తెలియదు. చేస్తున్నవాణ్ణి అడిగితేనే తెలుస్తుంది.

రెండవది, చేరడానికి ఏమి కావాలి? ఏ గ్రూపు, ఎన్ని మార్కులు, ఏ పరీక్ష, ఏ సర్టిఫికెట్టు, ఆఖరు తేదీ ఎప్పుడు. పదో తరగతి మార్కుల మీదే సీటిచ్చే నూజివీడు ట్రిపుల్ ఐ.టి. 2008 నుంచి మనకు దగ్గర్లోనే వుంది. పాలిటెక్నిక్‌కు పాలీసెట్ వేరుగా వుంది. అర్హత వున్నవారు బి.సి.-ఇ సర్టిఫికెట్టు, ఆదాయ ధ్రువపత్రం కౌన్సెలింగు వారంలో పరుగెత్తకుండా ముందే సిద్ధం చేసుకోవాలి. సి.ఆర్. రావుగారంతటివారి దరఖాస్తు కూడా గడువు దాటితే తిరిగి వచ్చిందని మరువవద్దు.

మూడవది, మొత్తం ఎన్నేళ్లు, మొత్తం ఖర్చెంత? మొదటి యేడు ఫీజు మాత్రమే కాదు. హాస్టలు, పుస్తకాలు, ప్రయాణాలు, పరీక్ష ఫీజులు, ఆపైన పి.జి. తప్పనిసరైతే అదీ కలపాలి.

నాల్గవది, పని ఎవరు ఇస్తారు? ఎక్కడ ఇస్తారు? దీనికి ముగ్గుర్ని అడగండి. ఇప్పుడు చదువుతున్నవాణ్ణి, చదివి అయిదేళ్లయినవాణ్ణి, మధ్యలో మానేసినవాణ్ణి. ముగ్గురి మాటా కలిపితే నిజం తేలుతుంది.

అయిదవది, ఇది కుదరకపోతే పక్కదారి ఏమిటి? పక్కదారి లేని చదువులో చేరేవాడు ఒక్క కాలి మీద నిలబడ్డట్టే.

వీటికితోడు చెప్పేవాడెవడో చూడండి. ఒక ప్రైవేటు సంస్థ ఏజెంటు మాటలు నమ్మి ఈ ప్రాంతపు కుర్రాడొకడు ఆసుపత్రి టెక్నీషియను కోర్సులో చేరాడు. ఫీజుల కోసం ఇంట్లో గేదెను అమ్మారు. చేతికొచ్చిన సర్టిఫికెట్టుకు గుర్తింపు లేదని ఉద్యోగానికి వెళ్లినప్పుడు తెలిసింది. నర్సింగుకు నర్సింగు కౌన్సిలు, ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిలు, డిగ్రీలకు యు.జి.సి., ఇంజనీరింగుకు ఎ.ఐ.సి.టి.ఇ. గుర్తింపులు వుంటాయి. ఆ జాబితాలు ఇంటర్నెట్టులో అందరికీ దొరుకుతున్నాయి. ఆ గేదె పాలతో ఆ ఇల్లు గడిచేది. పది నిమిషాల విచారణ దానిని కాపాడేది.

ఇంకొక హెచ్చరిక. నిబంధనలు మారుతూ వుంటాయి. మైనారిటీ పరిశోధక విద్యార్థులకు 2009లో పెట్టిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పు 2022-23 నుంచి కొత్తవారికి ఆగిపోయింది. అది వుందనుకొని పిహెచ్.డి. లెక్కలు వేసుకున్నవారు ఇబ్బంది పడ్డారు. మన ఇంటర్ బోర్డు 2025-26 నుంచి గణితం, జీవశాస్త్రం రెండూ కలిపి చదివే వీలు కల్పించింది. అది తెలియనివారు ఇప్పటికీ రెంటిలో ఒకటి వదులుకోవలసిందే అనుకుంటున్నారు. కనుక "మా అన్న చదివినప్పుడు ఇట్లా వుండేది" అనే మాట చాలదు. ఈ యేటి నిబంధన ఏమిటో చూడండి.

ఆడపిల్లల విషయం

మన అమ్మాయిలకు గ్రూపును ఎన్నిక చేసేది ఇష్టమూ కాదు, మార్కులూ కాదు. బస్సు ఎన్నింటికి వస్తుందన్నది ఎన్నిక చేస్తున్నది. దగ్గరి కాలేజీలో ఏ గ్రూపు వుంటే అదే వాళ్ల విద్య. గణితంలో నూటికి తొంభై వచ్చిన అమ్మాయి గణితం లేని గ్రూపులో కూర్చుంటే అది ఆ పిల్ల ఒక్కదాని నష్టం కాదు. హాస్టళ్లు, గురుకులాలు, రెసిడెన్షియల్ సీట్ల గురించి కూడా విచారించిన తరువాతనే ఆ మాట తేల్చండి. కలాంగారి కోసం అక్క గాజులు తాకట్టుకు వెళ్లాయి. చెల్లెల్ని పొద్దున్నే బస్సు దాకా దింపడానికి అన్న మోటారు సైకిలు బయటికి రాకూడదా?

సొసైటీకి విన్నపం

చివరగా మన సొసైటీ పెద్దలకు రెండు విన్నపాలు చేసుకుంటున్నాను. ఏటా మార్కులు ఎక్కువ వచ్చినవారికి బహుమతులిస్తున్నాము. మంచిదే. వచ్చే యేటినుంచి మరొక బహుమతి పెట్టండి. పదో తరగతి చదివే ప్రతి విద్యార్థీ ఒక విద్యను ఎంచుకొని, పైన చెప్పిన అయిదు ప్రశ్నలకు జవాబులు సేకరించి, కనీసం ఇద్దరిని స్వయంగా కలుసుకొని, రెండు పేజీలు వ్రాయాలి. బాగా విచారించినవారికి బహుమతి. ఇరవైమంది వ్రాస్తే ఇరవై విద్యల సంగతి మన ఊరికి తెలుస్తుంది. ఆ కాగితాలన్నీ ఒక దస్త్రంలో కట్టి కార్యాలయంలో వుంచండి. ఏటేటా కొత్తది చేర్చి, పాతబడినది తీసివేయండి.

రెండవది, మన గ్రామాలనుంచి వెళ్లి వేర్వేరు పనుల్లో వున్నవారి పేరూ పనీ, వారి అనుమతితో, ఒక రిజిస్టరులో వ్రాయండి. నర్సు, ఎలక్ట్రీషియను, బ్యాంకు గుమాస్తా, గల్ఫులో వెల్డరు, ఎవరైనా సరే. పండుగకు ఊరు వచ్చినప్పుడు పిల్లలకోసం అరగంట అడగండి. ఎవరూ కాదనరు. కలకత్తాలో సి.ఆర్. రావుగారికి దొరికిన ఆ ఒక్క పరిచయం ఇక్కడ మన పిల్లలకు పదిమంది రూపంలో దొరుకుతుంది.

పిల్లలారా, ఇక మీతో ఒక్క మాట. "నాకేం తెలుసు, పెద్దవాళ్లు చెప్పినట్టు చేస్తాను" అనడం వినయం కావచ్చు. కాని పెద్దవాళ్లకు తెలియనిది మీరు తెలుసుకొని వచ్చి, మర్యాదగా వాళ్ల ముందు పెట్టడం అంతకంటె మంచి వినయం. "అబ్బా, నేను ఈ చదువును గురించి నలుగురిని అడిగి వచ్చాను, ఇవిగో వివరాలు" అని కాగితం చేతికిస్తే కాదనే తండ్రి అరుదు. ఆయన తోట కొనేటప్పుడు ఎట్లాంటి వివరాలు చూస్తాడో అవే మీ కాగితంలో కనబడతాయి.